పలికినవాళ్ళకే హాజరు

పెదకాకాని,
జూలై 2, 2007.

చిరంజీవి ఆరాధనకు,

నీ ఉత్తరం చేరింది. ఫోను చేయనా అని అడిగావు. వద్దు. ఫోనులో నాకు వినపడేది గాలి ఒక్కటే. ఆడపిల్లల మిషన్ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా అరిచీ అరిచీ నా చెవులు నేనే పోగొట్టుకున్నాను. దానివల్ల లాభం లేకపోలేదు. ఇక్కడ తెల్లవారుజామున గుడి మైకూ, దర్గా మైకూ పోటీ పడుతుంటే ఊళ్ళో హాయిగా నిద్రపోయేదాన్ని నేనొక్కదాన్నే.

కంప్యూటర్లో టీచరు ట్రైనింగ్ అంటే మొదట నవ్వొచ్చింది. ఈత కూడా పుస్తకంలోనే నేర్పుతారేమో! కానీ మీ పాస్టరు గారు వచ్చే జూన్ నుంచి ట్రైనింగ్ లేనివాళ్ళను బడిలో ఉంచనన్నారని రాశావు చూడు, అది చదివాక నవ్వు ఆగింది. ఆ ఒకటో తరగతి పిల్లలంటే నీకెంత ప్రాణమో తెలుసు. ఆ బడి పోతే నీకు మిగిలేది మిరపకాయలకు తొడిమలు తీసే కూలి. కాబట్టి చేరు.

మీ అమ్మ పోయాక నిన్ను పెంచి చదివించినదాన్ని కనుక నాలుగు మాటలు చెబుతాను. క్లాసు కంప్యూటర్లో అయినా తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళు. చదువు మనిషిని చూడకపోయినా మనిషి చదువుకు మర్యాద ఇవ్వాలి. విన్నది వెంటనే రాసుకో. ఆ సాయంత్రమే ఆ పాఠం ఇంకొకరికి చెప్పు, చెప్పలేకపోయావంటే నీకు రాలేదన్నమాట. అన్నిటికంటే ముఖ్యం, చిన్నప్పుడు చెప్పిందే: పాఠం జరుగుతుంటే నోరు విప్పకు. పేరు పెట్టి పిలిస్తేనే లేచి జవాబు చెప్పు. ఎగిరెగిరి చెయ్యెత్తేవాళ్ళకు గొంతు వస్తుందేగానీ చదువు రాదు.

మీ ఆయన ఇమ్మానుయేలును అడిగానని చెప్పు.

అమ్మమ్మ
ఎలీసమ్మ

ఇంకొల్లు,
ఆగస్టు 19, 2007.

అమ్మమ్మకు వందనాలు.

నా క్లాసు శనివారం మధ్యాహ్నం మూడింటికి. నెట్ సెంటరు పురుగుమందుల కొట్టు పైన మేడ మీద ఉంది. ఎక్కేసరికి ముక్కులు మండిపోతాయి. నడిపేది నాగూర్ వలి అని, మంచివాడు. కరెంటు పోతే నాకంటే ముందు ఆయనే "అయ్యో, టీచరమ్మ పాఠం!" అంటాడు.

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే హైదరాబాదు నుంచి సుహాసిని మేడం గొంతు వినపడుతుంది. మనం మాట్లాడేది ఉండదు అమ్మమ్మా. ఏదన్నా చెప్పాలంటే కింద టైపు చేయాలి. చేస్తే పేరుతో సహా అందరికీ కనపడుతుంది. రాజమండ్రి ఆవిడ ఒకావిడ ఉంది, మేడం చెప్పే పాఠం కంటే ఆవిడ రాసే పాఠమే ఎక్కువ. నువ్వు చూస్తే గోడ కుర్చీ వేయించేదానివి! నేను మాత్రం నువ్వు చెప్పినట్టే ఉన్నాను. వినడం, రాసుకోవడం. ఇంటి దగ్గర చేయమన్న పనులన్నీ చేసి పంపిస్తున్నాను, మార్కులు బాగా వస్తున్నాయి. మేడం ఇంతవరకు ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు.

ఈయన టీవీఎస్ మీద దింపి, అయిందాకా కింద కొట్టు అరుగు మీద కూర్చుంటారు. సాయంత్రం ఆయనకే పాఠం చెబుతున్నాను. మొన్న సగంలోనే గురక పెట్టారు. కోపం వచ్చి లేపితే, "నాకు బళ్ళో కూడా ఇట్టాగే నిద్రొచ్చేది. అంటే నువ్వు నిజం టీచరువే" అన్నారు. మా అత్తయ్య దీనమ్మ ఒకటే నవ్వు.

నీ
ఆరాధన

పెదకాకాని,
అక్టోబరు 28, 2007.

ఆరాధనకు,

రెండు నెలలకు ఒక ఉత్తరమా? రాజమండ్రి ఆవిడ దగ్గర నాలుగు మాటలు అప్పు తెచ్చుకుని రాయకూడదూ!

పత్తి మొదలైంది. పోయినేడు మీ ఇమ్మానుయేలు గుంటూరు మిల్లుకు పత్తి లోడు తోలుకొచ్చిన ప్రతిసారీ ఇటు వచ్చేవాడు. ఒళ్ళంతా దూది పింజలతో గుమ్మంలో నిలబడి, "అమ్మమ్మా, సంవత్సరానికొక్కసారి వచ్చే క్రిస్మస్ తాతను కాదు, వారం వారం వస్తా, అన్నం పెట్టు" అనేవాడు. ఈ ఏడు మీ ఊరి ట్రాక్టర్లు రెండు నా కళ్ళముందే పోయాయి. తోలేవాడు వేరే మనిషి. ఆపి అడుగుదామంటే వాడు చెప్పేది నాకు వినపడదు, నా అరుపు విని వాడు జడుసుకుంటాడు.

అతను ఎందుకు రాలేదు? రెండు ముక్కలు రాయి. గోంగూర పచ్చడి తినేవాడు లేక జాడీలో నన్నే చూస్తోంది.

అమ్మమ్మ

ఇంకొల్లు,
డిసెంబరు 9, 2007.

అమ్మమ్మకు వందనాలు.

ఆలస్యానికి క్షమించు. మా బడిలో సగం బెంచీలు ఖాళీ. పిల్లలు తల్లుల వెంట పత్తి తీయడానికి పోతున్నారు. ఉన్నవాళ్ళకు రెండు పాఠాలు చెప్పి, సాయంత్రం పోయి చేలగట్ల మీద మిగిలినవాళ్ళకు అక్షరాలు దిద్దిస్తున్నాను. ఇది మా ట్రైనింగ్‌లో లేదు, నీ దగ్గర నేర్చుకున్నదే.

ఈయన మిల్లుకు లోడు తోలే పని మానుకున్నారు. దూది దుమ్ము పడటం లేదు, కాస్త ఆయాసం. మరేం లేదు. ఒంగోలులో చూపించాం, మందులు రాశారు. మెట్లెక్కవద్దు, బండి తోలవద్దన్నారు. ఇప్పుడు నెట్ సెంటరుకు నేనొక్కదాన్నే నడిచిపోతున్నాను. ఒక శనివారం మానేద్దామనుకుంటే, "నా మొహం చూస్తా కూర్చుంటే నీకు సర్టిఫికెట్ ఎవడిస్తాడే? లే, లే!" అని ఆయనే చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టారు.

ఒక్క క్లాసూ తప్పలేదు. అందరం క్షేమం.

నీ
ఆరాధన

పెదకాకాని,
ఫిబ్రవరి 27, 2008.

ఆరాధనా,

సమాధి మీద మట్టి ఆరకముందే తిట్టడం పద్ధతి కాదు. పద్ధతిగా ఏడవడం ఎప్పుడో మరిచిపోయాను, అందుకని తిడుతున్నాను.

ఇమ్మానుయేలుకు చిన్నప్పటి జ్వరంతో గుండె కవాటం పాడైపోయిందట. హైదరాబాదు పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కు వంతు కోసం చూస్తున్నారట. ఇవన్నీ నాకు ఎవరు చెప్పారు? శవం పక్కన కూర్చున్న ఎవరో పెద్దావిడ. "అందరం క్షేమం" అని రాసిన నీ చేతిని పట్టుకుని అడుగుదామనుకున్నాను. ఆ చెయ్యి చల్లగా కర్రలా ఉంది. వదిలేశాను.

నాకు చెబితే నేనేం చేసేదాన్ని? ఏమీ చేయలేను. ఊరికే వచ్చి మంచం పక్కన కూర్చునేదాన్ని. ఆ ఊరికే కూర్చోవడం కూడా నాకు లేకుండా చేశావు.

సరే. ఆ మధ్యాహ్నం నువ్వు అతని మందుల కోసం కొట్టుకు వెళ్ళావనీ, వచ్చేసరికి అయిపోయిందనీ దీనమ్మ అందరితో చెబుతోంది. దానికి కుమిలిపోకు. మందులకు పోవడం కూడా మనిషి పక్కన ఉండటమే.

అన్నం తింటున్నావా? అబద్ధం రాయకు.

అమ్మమ్మ

ఇంకొల్లు,
మార్చి 15, 2008.

అమ్మమ్మకు,

తింటున్నాను. అత్తయ్య కలిపి ఎదురుగా కూర్చుంటుంది, తిందాకా లేవనివ్వదు.

పాస్టరు గారు ఇంట్లో ఆదరణ ప్రార్థన కూడిక పెట్టేదాకా గడప దాటకూడదని మా వీధివాళ్ళు అన్నారు. దాటలేదు. అది అయ్యాక నెట్ సెంటరుకు వెళ్ళి చూస్తే నాకు నోటీసు వచ్చి ఉంది. నన్ను పరీక్షకు రానివ్వరట. సంవత్సరం మొత్తానికి హాజరు లేదట. ఈ రెండు మూడు వారాలకు కాదు అమ్మమ్మా, జూలై నుంచీ! ప్రతి శనివారం నా పేరు ముందు సున్నా.

క్లాసులో ఏదో ఒకటి టైపు చేసినవాళ్ళకే హాజరు వేస్తారట. చేరినప్పుడు ఇచ్చిన నియమాల్లో ఆ మాట ఉంది. నేను చదివాను కూడా. అది సందేహాలున్నవాళ్ళ కోసం అనుకున్నాను. నాకు సందేహాలు లేవు, పాఠం అర్థమయ్యేది. పెద్దావిడ చెబుతుంటే మధ్యలో మనం దూరడం ఏమిటనుకున్నాను.

మేడంకు రాశాను. ఆవిడ మంచిదే. "నీ జవాబులు చూస్తే తెలివైనదానివి అనిపించేది, క్లాసుకు ఎందుకు రావో అని ఎన్నోసార్లు అనుకున్నాను" అని రాసింది. ఇంట్లో జబ్బు వల్లో, మరణం వల్లో రాలేకపోయామని దరఖాస్తు పెట్టేవాళ్ళకు మినహాయింపు ఉంటుందట. అలాంటిదేమైనా ఉంటే నెలాఖరులోగా రాయమంది.

నేనింకా రాయలేదు.

ఆరాధన

పెదకాకాని,
మార్చి 20, 2008.

ఆరాధనా,

నీ ఉత్తరం చదివి ఆ మేడంను నిలబెట్టి కడుగుదామని కాగితం తీశాను. సగం రాశాక చెయ్యి ఆగింది.

నా క్లాసులో నోరు విప్పని పిల్లలు చాలామంది ఉండేవారు. వాళ్ళు ఉన్నారని నాకెలా తెలిసేది? కళ్ళతో. వెనక బెంచీలో ఎవరు అన్నం తినకుండా వచ్చారో, ఎవరికి ఇంట్లో దెబ్బలు పడ్డాయో నల్లబల్ల దగ్గరనుంచే చూసేదాన్ని. వాళ్ళు మాట్లాడనక్కరలేదు, చూడటం నా పని. ఆ మేడంకు నీ మొహం కనపడదు. ఉతికిన చీర కనపడదు, నువ్వు రాసుకునే పెన్ను కనపడదు. ఆవిడ ముందు ఉన్నది ఒక గుడ్డి గది. ఆ గదిలో "నేనున్నాను" అని పలికితేగానీ మనిషి లేనట్టే. నాకిది ముందే తట్టలేదు. కళ్ళున్న బడికి పనికొచ్చే మాటను కళ్ళులేని బడికి కట్టి పంపాను.

అయిందేదో అయింది. దరఖాస్తు పెట్టు. ఇందులో ఆలోచించేదేముంది? నీకు వచ్చిన కష్టం దొంగది కాదుగా! "నా భర్త జబ్బు వల్ల, మరణం వల్ల క్లాసులకు రాలేకపోయాను" అని ఒక్క వాక్యం. పరీక్ష రాస్తావు, జూన్‌లో నీ పిల్లల ముందు ఉంటావు. ఇమ్మానుయేలు ఉన్నా ఇదే చెప్పేవాడు.

వెంటనే రాయి.

అమ్మమ్మ

ఇంకొల్లు,
మార్చి 29, 2008.

అమ్మమ్మా,

ఆ వాక్యం నావల్ల కావడం లేదు. రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. నాగూర్ వలి నా వంక చూసి, డబ్బులు తీసుకోకుండా పంపించేశాడు.

నేను మందులకు వెళ్ళలేదు.

అత్తయ్య అందరికీ అలా చెప్పింది. ఏడుస్తున్న నన్ను పక్కకు లాగి, "నోరెత్తావంటే చంపుతా. మందులకు పొయ్యావు, అంతే!" అంది. కోడలు మొగుడి ప్రాణం పోతుంటే కంప్యూటరు ముందు కూర్చుందని ఊరు అంటుందని ఆమె భయం. నీకూ అదే చెప్పింది. నువ్వు నన్ను ఓదారుస్తూ రాసిన ఉత్తరం చదవలేక మడిచి పెట్టేశాను.

ఆ రోజు శనివారం. పొద్దున్నుంచి కాస్త తేలిగ్గా ఉన్నారు. జావ తాగారు. నేను వెళ్ళనన్నాను. "నువ్వు ఇక్కడుండి ఏం పొడుస్తావు? పో, వచ్చి చెబుదువు గాని" అన్నారు. నేను వెళ్ళాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మాట రాని పిల్లలతో ఎలా మెలగాలో పాఠం. మంచి పాఠం అమ్మమ్మా. ఇష్టంగా విన్నాను. అదే నన్ను తినేస్తోంది. ఆ గంటసేపు నేను ఆయన్ను మరిచిపోయాను. ఎవరో వచ్చి భుజం తట్టేదాకా పాఠం రాసుకుంటూనే ఉన్నాను.

ఆ రోజుకూ నాకు సున్నానే. ఇంట్లో లేను, వాళ్ళ లెక్కలో క్లాసులోనూ లేను. మరి నేనెక్కడున్నాను?

ఇప్పుడు "భర్త దగ్గర ఉండటం వల్ల క్లాసుకు రాలేకపోయాను" అని రాయమంటున్నావు. అది నిజమైతే ఎంత బాగుండును! అలా జరగలేదు. ఒక్క శనివారం కూడా ఆయన కోసం ఆగలేదు. ఆయన దగ్గర దొంగిలించిన సమయం అదంతా. ఆయన దగ్గరే ఉన్నానని రాసి దానికి సర్టిఫికెట్ ఎలా తీసుకోను?

కోప్పడకు.

ఆరాధన

పెదకాకాని,
ఏప్రిల్ 20, 2008.

నా తల్లీ,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. రాసినవన్నీ హెడ్‌మిస్ట్రెస్ మాటల్లా వచ్చాయి, చించేశాను. నెలాఖరు దాటిపోయింది. నువ్వు దరఖాస్తు పెట్టలేదని నాకు తెలుసు. ఇంక ఆ మాట ఎత్తను.

మొన్న గురువారం దీనమ్మ వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో కళ్ళు చూపించుకుని అటునుంచి అటే వచ్చానంది. నీకు చెప్పలేదట. అన్నం పెట్టాను. తినకుండా చేతులు చూసుకుంటూ కూర్చుంది. మిరపకాయల ఘాటుకు వేళ్ళు పగిలి ఉన్నాయి. తరువాత నా చెవి దగ్గరకు వచ్చి ఏదో గొణిగింది. నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పింది. వినపడలేదు. చెవిటిదానికి రహస్యం చెప్పడమంటే వీధంతటికీ చెప్పడమే కదా. మూడోసారి పాపం గొంతెత్తి అరిచింది.

"నేను పక్కనే ఉన్నానమ్మగారూ! నాకూ తెలీలా!"

ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. తలుపు వేశాను. అయినా ఆవిడ ఆగలేదు. "మంచం కోడు పక్కనే కూకోని తొడిమలు తీస్తన్నా. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్దరోతన్నాడులే, లేపితే పిల్ల ఏదని అడుగుతాడని లేపలా. బుట్ట నిండాక లేచి దుప్పటి కప్పబోతే చల్లగా తగిలింది. ఎప్పుడు పొయ్యాడో కూడా చెప్పలేనమ్మగారూ. చెయ్యి చాపితే అందుతాడు. కన్నదాన్ని. నాకే తెలీలా!"

నేను వెళ్ళి ఆవిడ పక్కన ఊరికే కూర్చున్నాను.

నీతో ఎందుకు చెప్పలేదని అడిగాను. "దానికి నా మీదన్నా నమ్మకం ఉండనీండి. తను లేకపోయినా వాడి పక్కన అమ్మ ఉంది అనుకోనీండి" అంది. నిన్ను కాపాడాలని ఆవిడ ఒక అబద్ధం, నన్ను కాపాడాలని నువ్వొక అబద్ధం. ఒక చూరు కింద ఇద్దరాడవాళ్ళు ఒకే ఏడుపును రెండు ముక్కలుగా కోసి, ఎవరి ముక్క వాళ్ళు కొంగులో దాచుకున్నారు.

చెప్పవద్దంది. చెబుతున్నాను. ఇది దాచితే నేను కూడా మీ జట్టులో చేరినదాన్నవుతాను.

ఆరాధనా, నువ్వు అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెయ్యి పట్టుకుని ఉండేదానివేమో. గిన్నెలు కడుగుతూ ఉండేదానివేమో కూడా. "బాధపడకు" అని రాయను, ఆ మాట ఎవరికీ ఎప్పుడూ పనిచేయగా నేను చూడలేదు. ఒక్కటి మాత్రం చెయ్యి. ఈ ఉత్తరం చదివాక లేచి దీనమ్మ దగ్గరికి వెళ్ళు. ఆవిడకు చదవడం రాదు. నువ్వే చదివి వినిపించు.

అమ్మమ్మ

ఇంకొల్లు,
జూలై 13, 2008.

అమ్మమ్మకు వందనాలు.

నీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. మధ్యలో ఆపి, "ముసల్దానికి నోట్లో నువ్వుగింజ నానదు" అని నిన్ను తిట్టింది. తరువాత నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఇంతకంటే రాయలేను.

బడిలో కొత్త టీచరును పెట్టారు. ఒంగోలు అమ్మాయి, ట్రైనింగ్ అయినది. మా ఇంటి ముందు నుంచే వెళుతుంది. పిల్లలు దారిలో నన్ను చూసి, పలకరించాలో వద్దో తెలియక, తల వంచుకుని పరుగెత్తుతారు. నేను అత్తయ్యతో కాయలకు తొడిమలు తీస్తున్నాను. నువ్వు అన్నట్టే అయింది.

మేడంకు దరఖాస్తు పెట్టలేదు. ఉన్నదున్నట్టు ఒక ఉత్తరం రాశాను: ఆయన పోయేదాకా ప్రతి క్లాసుకూ వచ్చాను, పలకలేదు, అంతే అని. ఆవిడ నుంచి చాలారోజులు జవాబు లేదు. చివరికి, "నియమం మార్చడం నా చేతిలో లేదు. జూలైలో కొత్త బ్యాచ్‌తో మొదటినుంచి కూర్చో. ఈసారి నిన్ను నేను పేరు పెట్టి పిలుస్తాను" అని రాసింది.

నిన్న మొదటి క్లాసు. ఒక్కదాన్నే ఆ మెట్లెక్కడానికి కాళ్ళు రాలేదు. అత్తయ్య వెంట వచ్చింది. నాగూర్ వలి ఆమెకు పక్కన ఒక స్టూలు వేశాడు. పోయినేటి పాఠమే, నాకు కంఠతా వచ్చు. మేడం, "ఇంకొల్లు నుంచి ఆరాధన ఉన్నారా?" అంది. అలవాటుగా పెన్ను తీశాను. మేడం మళ్ళీ అడిగింది.

నా పేరు, మా ఊరు టైపు చేశాను. పోయినేడు కూడా ఉన్నానని చేశాను. నా భర్త పోయిన రోజు కూడా ఇక్కడే ఉన్నానని చేశాను. ఇంగ్లీషులో తప్పులు పడ్డాయి. దిద్దలేదు. పంపించాను.

ఆ ముక్కలు తెర మీద పైకి వచ్చి నిలబడ్డాయి. అత్తయ్య ముందుకు వంగి, పగిలిన వేలు అద్దం మీద ఆనించింది. "పెద్దమ్మా, మరకలు పడతాయి" అన్నాడు నాగూర్ వలి. ఆమె వినిపించుకోలేదు.

"ఏదే, నువ్వు?"

"ఇదిగో అత్తా. ఇదే నా పేరు."

"ఇది వాళ్ళకి కనపడతందా?"

"కనపడతంది."

వేలు తీయకుండా కాసేపు ఆ అక్షరాల వంకే చూసింది.

"అయితే వాడి పేరు కూడా రాయి" అంది.

రాశాను.

నీ
ఆరాధన